మంచు గాదెలు

ఏప్రిల్ నెల వచ్చుసరికి లడఖు రైతు విత్తనములు సిద్ధము చేసికొని కొండవైపు చూచుచుండును. చలికాలమంతయు రాయివలె బిగిసియున్న నేల మెత్తబడినది. దుక్కికి పశువులు సిద్ధముగా నున్నవి. కొట్టములోని ఎరువును గంపలతో మోసి పొలములో చల్లుటయు ముగిసినది. లేనిది నీరొక్కటే. అదియు బొత్తిగా లేదనుటకు వీలులేదు. కండ్ల యెదుటనే, కొండ నెత్తిన, తెల్లగా మెరయుచున్నది. కాని ఆ మంచు కరగి పల్లెవరకు పారివచ్చుటకు జూన్ మాసము నడిమి కావలెను. అంతవరకు ఆగి విత్తినచో పైరు పండకముందే చలి మరల వచ్చి పడును.

మన సీమలలో కరవనగా వాన కురియకపోవుట. లడఖులో కరవనగా నీరు వేళ తప్పుట. రెండు నెలల ఆలస్యము అచట ఏడాది పంటను పోగొట్టగలదు. భూగోళము వేడెక్కుచున్నదను మాట నేడు బడిపిల్లలకును తెలిసినదే. అయినను ఆ మాటకు ఒక చిన్న పల్లెలో, ఒక సన్నని కాలువ గట్టున, అర్థమేమియో తెలిసికొనగోరు వారు లడఖు కథను వినవలెను.

హిమాలయములకు ఆవల, కారకోరం పర్వతములకు ఈవల నున్న ఎత్తైన మిట్ట లడఖు. 2019 అక్టోబరు 31 నుండి అది కేంద్రపాలిత ప్రాంతము. ముఖ్యపట్టణమైన లేహ్ సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల, అనగా పదకొండున్నర వేల అడుగుల ఎత్తున నున్నది. దక్షిణమునుండి సాగివచ్చు నైరుతి మేఘములు తమ బరువునంతయు హిమాలయముల దక్షిణపు వాలుల మీదనే దించివేయును. కొండలు దాటి ఆవలికి చేరునది చాలవరకు ఎండుగాలియే. వానయు మంచును కలిపి లేహ్‌లో ఏడాదికి కురియునది సుమారు 100 మిల్లీమీటర్లు. కరవుసీమయని పేరుపడిన అనంతపురములో కురియు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపున నుండును. ఈ లెక్కన అనంతపురపు రైతు లడఖు రైతు కంటికి భాగ్యవంతుడే.

అట్టి చోటను జనులు వందల ఏండ్లుగా సేద్యము చేయుచున్నారు. గడ్డిపరక మొలవని బోడికొండల నడుమ, వాగు దిగివచ్చిన చోట మాత్రము, పరచిన పచ్చని తువ్వాలు వలె ఒక్కొక్క పల్లె కనబడును. యవలు, గోధుమలు, బఠాణీలు, ఆవాలు, బంగాళాదుంపలు వారి పంటలు. యవలను వేయించి విసరిన పేలపిండి వారి నిత్యాహారము. ఇండ్ల దూలములకు పోప్లరు చెట్లను, బుట్టలకును పైకప్పులకును విల్లో కొమ్మలను పెంచుకొందురు. దిగువ లోయలలో ఖుబానీ పండ్ల తోటలు కలవు. ఎత్తైన పల్లెలలో ఏడాదికి పండునది ఒకే పంట. ఆ పంట తప్పినచో రెండవదానికి తావులేదు.

ఈ సేద్యమునకంతకును ఆధారము కొండమీది మంచు. అదియే వారి చెరువు. కొండనుండి దిగు వాగును వారు తొగ్పో అందురు. దానినుండి తీసిన కాలువ యూరా. రాత్రివేళ వచ్చు నీటిని పట్టియుంచి పగలు పొలములకు విడుచుటకు కట్టుకొన్న కుంట జింగ్. వీటి మీద పెత్తనము చుర్పోన్ అనువానిది. రాయలసీమ చెరువుల క్రింది నీరుగంటిని, తెలంగాణపు నీరటిని ఎరిగినవారికి చుర్పోన్ ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు. ఏ పొలమునకు ఎప్పుడు, ఎంతసేపు నీరు పోవలెనో చూచి, ఒక మడవను తెరచి వేరొకదానిని మూయుట అతని పని. ఊరిలో ఎంత పెద్ద ఇంటివాడైనను తన వంతు రాకముందు మడవపై పార వేయరాదు. 1908 దరిదాపున జరిగిన భూమిశిస్తు బందోబస్తులో ఈ నీటి ఆచారములను ఊరి వారీగా వ్రాయించిరి. ఆ పత్రములకు ‘రివాజే ఆబ్‌పాషీ’ యని పేరు. ఒకరి పొలములో ఒకరు బదులుకు పనిచేయు కట్టుబాటును వారికి కలదు. దానిని బెస్ అందురు. నీరు తక్కువైన కొలదియు కట్టుబాటు గట్టిపడు ననుటకు లడఖు పల్లె మంచి ఉదాహరణము.

ఆ చెరువు ఇప్పుడు తరుగుచున్నది. లడఖులోని హిమానీనదములలో అనేకము చిన్నవి. 5,000 మీటర్లకు పైయెత్తున కొండల ముడుతలలో దాగి యుండునవి. కాంగ్ యాత్సే శిఖరపు పరిసరములను ఉపగ్రహ చిత్రములతో సరిచూడగా, 1969 నుండి 2010 వరకు జరిగిన నలుబది ఏండ్లలో మంచు పరచుకొన్న మేర సుమారు 14 శాతము తరిగినదని తేలినది. ఇచట ఒక మాట విడమరచి చెప్పవలసి యున్నది. హిమాలయ, కారకోరములలోని హిమానీనదములన్నియు ఒకే తీరున కరగుటలేదు. కారకోరములో కొన్ని చాలకాలము నిలకడగ నుండుటయే గాక అచ్చటచ్చట ముందుకు జరిగినవి కూడ. కనుక కొండలన్నియు రేపే బోడియగునని చెప్పుట తొందరపాటు. కాని వాగు తలమీద నున్న చిన్న మంచుగడ్డను నమ్ముకొన్న పల్లెకు దూరపు మహాహిమానీనదము నిలిచిన నేమి, కరగిన నేమి?

నీరు ఆలస్యమగుటకు కారణము తెలిసికొన్నచో ఈ కష్టము స్వరూపము బోధపడును. ఎత్తు పెరిగిన కొలదియు చలి పెరుగును. మంచు కరగు వేళ వెనుకపడును. చలికాలములో దిగువ వాలుల మీద కురిసిన మంచు వసంతారంభముననే కరగి మొదటి తడికి అందెడిది. ఇప్పుడు ఆ మంచు పలుచనైనది. హిమానీనదపు కొస కరగి పైపైకి జరిగినది. మిగిలిన మంచు ఎక్కడనో పైన, వేసవి ముదిరినగాని కరగని చోట నున్నది. భూమి వేడెక్కుటచేత నీరు ముందుగా రావలెను గదా యని విద్యార్థులు అడుగవచ్చును. త్వరగా కరగవలసిన మంచే లేకపోయినప్పుడు ఆ వేడిమి విత్తుకాలమునకు ఏమి ప్రయోజనము?

ఈ వేడిమికి మూలము ఊరూర నెరిగినదే. యంత్రయుగమునకు పూర్వము గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా నుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లు దాటినది. బొగ్గు, చమురు కాల్చిన దేశములు వేరు, పొలము ఎండిన పల్లెలు వేరు. దీనికితోడు మసి యొకటి. డీజిలు బండ్లు, కట్టెపొయ్యిలు, కాల్చిన చేలు వదలిన మసి గాలిలో తేలివచ్చి మంచుపై వాలినచో తెల్లదనము తగ్గి ఎండవేడిమిని మంచు ఎక్కువగా పీల్చును. తెల్లని వస్త్రమునకును నల్లని వస్త్రమునకును ఎండలో గల భేదము వంటిదే యిది.

ఎండిన నేలపై ఒక్కొక్కప్పుడు వాన విరుచుకొని పడుటయు కలదు. 2010 ఆగస్టు 5వ తేది రాత్రి తెల్లవారి 6వ తేది లోపల లేహ్ పరిసరములలో కుంభవృష్టి కురిసి, కొండవాలుల బురదయు బండలును కలిసి పల్లెల మీద పడినవి. రెండు వందల మందికి పైగా మరణించిరి. లేహ్ చెంతనున్న చోగ్లమ్‌సర్ చాల దెబ్బతిన్నది. లడఖు ఇండ్లు ఎండబెట్టిన మట్టి ఇటుకలతో కట్టిన మట్టిమిద్దెలు. రాయలసీమ మట్టిమిద్దెను చూచినవారు అవి చలికిని ఎండకును ఎంత హాయియో, జడివానకు ఎంత బేలయో ఊహింపగలరు. ఏదో ఒక్క వానను చూపి ఇది భూతాపఫలమే యని శాస్త్రజ్ఞులు తేల్చిచెప్పరు. వేడిమి ఒక డిగ్రీ పెరిగిన గాలి సుమారు 7 శాతము ఎక్కువ తేమను మోయగలదని మాత్రము నిశ్చయముగ చెప్పుదురు.

జంస్కార్ లోయలో కుమిక్ అనునది మిక్కిలి పాతదని పేరుగాంచిన పల్లె. ఊరిపై నున్న మంచు తరిగి వాగు చిక్కిపోగా, 2000 సంవత్సరము దరిదాపున ఆ ఊరివారు కలిసి కూర్చుండి ఊరు విడుచుటకు నిశ్చయించుకొనిరి. దిగువ నున్న ఎండుమైదానములోనికి నదినుండి కాలువ త్రవ్వుకొని, మట్టి ఇటుకలు కోసికొని, క్రొత్త ఇండ్లు కట్టుకొన నారంభించిరి. యుద్ధము లేదు, అంటురోగము లేదు, ఎవరును వెళ్లగొట్టలేదు. నీరు వేళకు రాలేదు, అంతే.

ఊరు విడువక నీటినే ఊరికి చేరువ చేసికొను ఉపాయము లేదా యని ఆ కొండజాతులవారు పూర్వమునుండియు ఆలోచించుచునే వచ్చిరి. లడఖుకు పొరుగున, నేడు పాకిస్తాన్ అధీనములో నున్న బాల్టిస్తాన్‌లో ‘హిమానీనదములకు పెండ్లి చేయు’ వింత ఆచారము కలదు. మంచులో ఆడ, మగ భేదము కలదని వారి నమ్మకము. మట్టియు రాళ్లును కప్పి నల్లబడి, నీరు తక్కువగా విడుచునది మగది; తెల్లగానో నీలముగానో మెరయుచు నీరు ఎక్కువగా నిచ్చునది ఆడది. రెండింటి తునకలను వేర్వేరు చోట్లనుండి మోసికొనివచ్చి, ఎత్తైన నీడపట్టున రాళ్ల సందున ఒక్కచో నుంచి, బొగ్గు, పొట్టు మొదలగు వానితో కప్పుదురు. మోసికొనివచ్చువారు దారిలో బరువును నేలకు దింపరాదు, మాటాడరాదు. ఏండ్లు గడచిన పిమ్మట అచట క్రొత్త హిమానీనదము పుట్టునని విశ్వాసము. ఇందులో శాస్త్రమెంతో, నమ్మకమెంతో వేరుచేయుట సులభము కాదు. కాని నీడపట్టు, పొట్టుకప్పు మంచును నిలుపునను మాట మాత్రము నిజమే. కవిత్వమువలె తోచు ఆచారము క్రింద ఒక రైతు లెక్క దాగియున్నది.

ఆ లెక్కను ఇంజనీరు చేతితో వేసినవాడు ఛెవాంగ్ నోర్‌ఫెల్. జమ్మూ కాశ్మీరు ప్రభుత్వపు గ్రామీణాభివృద్ధి శాఖలో పనిచేసి, లడఖు పల్లెలకు కాలువలు, వంతెనలు, దారులు వేయించిన సివిల్ ఇంజనీరు. చలికాలములో గొట్టములు పగులకుండుటకై లడఖులో కుళాయిలను కట్టివేయక వదలియుంచుదురు. అట్లు వృథాగా పోవు నీటిని అతడొకనాడు పరికించెను. వేగముగా పారుచోట నీరు నీరుగానే పోవుచున్నది. పోప్లరు చెట్ల నీడకు చేరి, నడక మందగించిన చోట మాత్రము గడ్డకట్టియున్నది. లోకమంతయు చూచియు చూడని విషయమిది. నీడ, నిదానము - ఈ రెండును చేకూర్చినచో మంచును కోరినచోట నిలుపవచ్చునని అతనికి తోచినది.

1987లో ఫుక్త్సే అను పల్లెలో అతడు మొదటి ప్రయత్నము చేసెను. పద్ధతి మిక్కిలి సరళము. చలికాలములో పైరులేదు గనుక వాగునీరు ఎవరికిని అక్కరలేక సింధునదిలో కలిసిపోవును. ఆ నీటిని నవంబరు మాసము నుండి ఒక కాలువలోనికి మరల్చి, కొండ నీడపడు వైపునకు, వాలు తక్కువైన చోటికి కొనిపోవలెను. అచట అడ్డముగా, వరుసలు వరుసలుగా, తక్కువ ఎత్తుగల రాతికట్టలు కట్టవలెను. నీరు కట్ట కట్టకును తడబడి, పలుచగా పరచుకొని, గడ్డకట్టును. దానిపై మరునాటి నీరు, దానిపై మరునాటి నీరు. ఫిబ్రవరి నాటికి పొరలు పొరలుగా పేరిన మంచుపలక సిద్ధము. ఇది సహజ హిమానీనదము కంటె ఎంతో దిగువన, ఊరికి చేరువన ఉండుటచేత ముందుగా కరగును. నోర్‌ఫెల్ ఇంకొక యుక్తియు పన్నెను. వేర్వేరు ఎత్తులలో మెట్లు మెట్లుగా ఇట్టి పలకలు నిర్మించినచో, విత్తుకాలమునకు అన్నిటికంటె దిగువది కరగును. అది ముగియు వేళకు దానిపైది అందుకొనును. అది తీరునప్పటికి జూన్ వచ్చి అసలు హిమానీనదమే నీరు దింపును. మన రైతు గాదెలో ధాన్యము దాచి, అడుగు మదుము తెరచి కావలసినప్పుడు తీసికొన్నట్లే యిది. ఉద్యోగవిరమణ పిమ్మటను అతడు ఈ పనిని విడువక పదికి పైగా పల్లెలలో వీనిని నిర్మింపజేసెను. 2015లో భారతప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించినది.

ఈ పద్ధతికి ఒక ఇబ్బంది. నీడగల మంచి వాలు ప్రతి పల్లెకును దొరకదు. దొరికినను అది 4,000 మీటర్లకు దరిదాపున, ఊరికి దూరమున నుండవచ్చును. నీడ లేనిచోట మంచును నిలుపుటెట్లు? దీనికి సమాధానము చెప్పినవాడు లడఖుకే చెందిన సోనమ్ వాంగ్‌చుక్. 1988లో కొందరు విద్యార్థులతో కలిసి అచటి బడిచదువును చక్కదిద్దుటకు సెక్‌మోల్ అను సంస్థను స్థాపించిన ఇంజనీరు. మే నెలలో ఒక వంతెన క్రింద మంచు ఇంకను కరగకయుండుట అతడు చూచెను. చుట్టుపట్ల గాలి వెచ్చగానే యున్నది. మంచును కరగించునది గాలికంటె ఎండయే యని గ్రహించెను. నీడ దొరకనప్పుడు, ఎండకు చిక్కు మేరనే తగ్గింపవలెను.

ఇచట గణితోపాధ్యాయులకు మంచి ఉదాహరణము దొరకును. 20 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల వ్యాసార్ధము గల మంచు శంకువు ఘనపరిమాణము సుమారు 2,100 ఘనపు మీటర్లు. దాని వాలుతలము వైశాల్యము సుమారు 700 చదరపు మీటర్లు. అదే మంచును మీటరు మందమున నేలపై పరచినచో 2,100 చదరపు మీటర్లు ఎండకు చిక్కును. అనగా శంకువులో పెట్టిన మంచు మూడవ వంతు తలమును మాత్రమే బయటపెట్టును. నడినెత్తి సూర్యునికైతే దాని అడుగు వృత్తపు మేర, 314 చదరపు మీటర్లు మాత్రమే కనబడును.

ఇంత ఎత్తున నీటిని మోయువారెవ్వరు? మోయనక్కరలేదు. వాగు ఎగువనుండి గొట్టమును భూమిలో పాతి ఊరివరకు తెచ్చి, చివర నిలువుగా నెత్తినచో నీరు తన మట్టమును వెదకుకొనుచు తానే పైకి చిమ్మును. రాత్రివేళ సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఆ తుంపరలు నేల చేరులోపలనే గడ్డకట్టును. చుట్టును పేర్చిన కొమ్మలను పట్టుకొని శంకువు పెరుగును. 2013-14 చలికాలములో ఫే గ్రామము చెంత సెక్‌మోల్ విద్యార్థులు కట్టిన మొదటి నమూనా ఆరు మీటర్ల ఎత్తున, సుమారు లక్షన్నర లీటర్ల నీటిని మంచుగ నిలిపి మే మాసము నడిమివరకు నిలిచెను. మరుసటి ఏడు ఫ్యాంగ్ బౌద్ధమఠపు ప్రోత్సాహముతో ఇరువది మీటర్ల శంకువు లేచెను. అది 2015 జూలై మొదటి వారము వరకు కరగుచు, ఎండుమైదానములో నాటిన పోప్లరు, విల్లో మొక్కలకు నీరిచ్చెను. దీనికి మంచుస్తూపమని పేరిడిరి. అమరావతి స్తూపపు అర్ధగోళాకృతి నెరిగిన తెలుగువారికి ఈ పేరు తొలుత పొసగనట్లుండును. లడఖు స్తూపములు పైకి పోనుపోను సన్నమై కోసుగా లేచునవి. ఆ చూపునకు అలవడిన కన్నులకు ఈ పేరు ఎంతో సహజము. తరువాతి ఏండ్లలో ఎవరిది పెద్ద స్తూపమో యని పల్లెలు పందెములు వేసికొని కట్టుటయు జరిగినది.

అయితే పత్రికలు వీనిని ‘కృత్రిమ హిమానీనదములు’ అని పొగడునప్పుడు కొంత అతిశయోక్తి లేకపోలేదు. హిమానీనదము వందల ఏండ్ల మంచు. ఇది ఒక్క చలికాలపు మంచు. ఇది క్రొత్త నీటిని పుట్టింపదు. ఉన్న నీటిని ఒక ఋతువు నుండి వేరొక ఋతువునకు జరుపును. చలి తక్కువైన ఏడు సరిగ పేరుకొనదు. వరద వచ్చినచో కట్టలు కొట్టుకొనిపోవును. వాగు తలమీది మంచే మాయమైననాడు గాదెలో పోయుటకు గింజయే యుండదు. ఈ పరిమితులు తెలిసియే వీనిని మెచ్చుకొనవలెను.

మరియొక చిక్కు కలదు. ఇది శాస్త్రమునకు అందునది కాదు. చలికాలపు నీరు పూర్వము ఎవరికిని అక్కరలేనిది. దానికి వంతులు లేవు, తగవులు లేవు. ఇప్పుడు దానికిని విలువ వచ్చినది. ఎగువ ఊరు దాచుకొన్న నీరు దిగువ ఊరిదా కాదా? వేసవి నీటికి తరతరముల కట్టుబాటు కలదు గాని చలికాలపు నీటికి ఆ ఏర్పాటు ఇంకను కుదురుకొనవలసియే యున్నది.

అన్నిటికంటె ముఖ్యమైన కొరత మనుష్యులది. మంచుస్తూపమునకు నీరు వదలవలసినది రాత్రి. చలి ముదిరిననాడు గొట్టములో నీరు ఒక్కసారి ఆగినచో గడ్డకట్టి గొట్టము పగులును. నడిరేయి లేచి పోయి దానిని సరిచేయు చేతులు కావలెను. రాతికట్టలను ఏటేటా మరమ్మతు చేయవలెను. ఆ చేతులు నేడు పల్లెలో తగ్గుచున్నవి. యువకులు సైన్యములోనికి, లేహ్‌లోని ఉద్యోగములకు, యాత్రికుల వసతిగృహములలో పనికి పోవుచున్నారు. పల్లెలో మిగిలినది ముసలివారు. లేహ్‌లోనో, యాత్రికుల కొరకు గొట్టపుబావులు త్రవ్వి భూగర్భజలమును తోడుచున్నారు. లడఖువారి పాత ఇండ్లలో మరుగుదొడ్డికి నీటి చుక్కయు అక్కరలేదు. మట్టి చల్లి ఎరువుగ మార్చి పొలమునకు మోయుదురు. క్రొత్త వసతిగృహములలో ఒక్క మీట నొక్కినచో ఆ పని కొరకే నీరు ధారగ పోవును. కొండపై ఒకరు మంచును పొరలుపొరలుగ కూర్చుచుండగా దిగువన వేరొకరు దానిని ఇట్లు వెచ్చించుచున్నారు.

అయినను నవంబరు వచ్చునప్పటికి కొన్ని పల్లెలలో ఇంటికొకరు చొప్పున పారలతో కొండనీడకు బయలుదేరుదురు. కాలువలో పడిన రాళ్లు తీసివేసి, జారిన కట్టలను పేర్చి, నీటిని మరల్చి వత్తురు. చలికాలమంతయు తెల్లని పలక పెరుగుచునే యుండును. ఏప్రిల్‌లో ఒకనాటి మధ్యాహ్నము దాని దిగువ అంచున బొట్టు బొట్టుగ నీరు కారుట మొదలగును. రెండు మూడు దినములలో అది చేతిమణికట్టు లావు ధారయై కాలువలో పడును. రాత్రికి జింగ్‌లో నీరు నిండును. తెల్లవారకముందే చుర్పోన్ పారను భుజమున వేసికొని గట్టుమీదికి నడచి మొదటి మడవను తెరచును. ఆనాటి వంతు ఎవరిదో ఊరందరికిని తెలియును.